నిలబడి ఉన్న చెట్టు

కదలవద్దన్నారు, కదలడం లేదు. మాట్లాడవద్దని ఎవరూ అనలేదు గాని మాట్లాడడం కూడా లేదు, అది నా పాత అలవాటు. కుడిచేతిని పక్కనున్న పలక మీద చాపి మణికట్టు దగ్గర కదలకుండా కట్టారు, అక్కడ చీమ కుట్టినంత సూది గుచ్చారు, ఆ తరవాత ఆ చెయ్యి నాది కాకుండా పోయింది. అందులోంచి సన్నటి గొట్టమొకటి మోచెయ్యి దాటి, భుజం మలుపు తిరిగి, గుండె దాకా వెళుతుందని చెప్పారు. వెళుతున్నట్టు నాకేమీ తెలియడం లేదు. తెలుస్తున్నదల్లా రొమ్ము మీది బరువు ఒక్కటే, పొద్దున మొహం కడుక్కుని తువ్వాలు అందుకోబోతుంటే వచ్చి కూర్చున్న బరువు, పచ్చి దుంగనొకదాన్ని తెచ్చి అడ్డంగా పడేసినట్టు. పచ్చి దుంగ ఎండినదానికన్నా చాలా ఎక్కువ తూగుతుంది, లోపలున్న నీరంతా బరువే, వ్యాపారంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ సంగతి తెలియక నీటిని కలప ధరకు కొంటారు. ఇప్పుడు నా మీద ఉన్నది పచ్చిదే, అనుమానం లేదు, దాని చెమ్మ ఎడమ భుజం దాకా, దవడ దాకా పాకుతోంది. గది చల్లగా ఉంది, నాకు చెమటలు పడుతున్నాయి. పైన ఏనుగు తలంత యంత్రం ఒకటి నా మీదికి వంగి చూసి, పక్కకు తిరిగి, మళ్ళీ వంగి చూస్తోంది, సరుకు నచ్చి కూడా నచ్చనట్టు చుట్టూ తిరిగే గిరాకీ లాగా.

చుట్టూ నలుగురున్నారు, ఒక్కరికీ మొహం లేదు. అరికాలి నుంచి నెత్తి దాకా తెల్ల తొడుగు, మూతికి రెండు మాస్కులు, కళ్ళకు అద్దాలు, వాటి ముందు మళ్ళీ ఒక ప్లాస్టిక్ రేకు. ఆ తొడుగుల కింద సీసం పొదిగిన కోట్లు కూడా వేసుకున్నారట, ఈ యంత్రం కిరణాలు తగలకుండా. అంటే వాళ్ళూ మోస్తున్నారు. డాక్టరమ్మ ఎవరో తెలిసేందుకు ఆమె తొడుగు మీద స్కెచ్ పెన్నుతో డాక్టరు అని రాసుంది. నా తల పక్కన నిలబడ్డ మనిషి తన మాస్కు మీద నల్లరంగుతో ఒక నవ్వు గీసుకున్నాడు, చెవి నుంచి చెవి దాకా, పళ్ళతో సహా. లోపల నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో బయటికి తెలియదు, బోర్డు మాత్రం నవ్వుతూనే ఉంటుంది. మంచి ఉపాయం, మా గుమాస్తాకు కూడా ఒకటి గీయించాలి, వాడి మొహం చూసి సగం మంది గుమ్మంలోంచే తిరిగిపోతారు. ఈయనకు నవ్వుబొమ్మ అని పేరు పెట్టుకున్నాను. నన్ను బాబాయ్ అంటున్నాడు. ఇక్కడికి తోసుకొచ్చి, రొమ్ముకు తీగలంటిస్తూ, మీరొచ్చారు బాబాయ్, అదే సంతోషం అన్నాడు. అదేమిటి, ఆసుపత్రికి మనిషి వస్తే సంతోషమా అని కళ్ళతోనే అడిగాను. ఈ నెలల్లో గుండెనొప్పులు రావడం తగ్గిపోయిందట, ఈ గది ముందు ఎప్పుడూ ఉండే బారు లేదట. జబ్బు తగ్గిందని కాదు, మనుషులు రావడం మానేశారు, వాళ్ళంతా ఎక్కడున్నారో తెలియడం లేదు, ఖాళీ పడకలు చూస్తుంటే భయమేస్తోంది అన్నాడు. ఆ మాట నాకు వెంటనే అర్థమయింది. కొట్టుకు గిరాకీ రాకపోతే ఊళ్ళో ఎవరికీ ఆ సరుకుతో పని లేదని కాదు. పని అలాగే ఉంటుంది, ఇళ్ళలో తలుపులేసుకుని కూర్చుంటుంది.

డాక్టరమ్మ నా గుండె విననే లేదు. చెవుల మీదుగా తొడుగు బిగించి ఉంది, వినే గొట్టం చెవిలో పెట్టుకునే దారి లేదు. కాగితం మీద గీతలు తీశారు, ముక్కులో పుల్ల తిప్పారు, ఆ పుల్ల సంగతి తేలేదాకా ఆగలేమని గీతలు చూడగానే ఇక్కడికి తోశారు. నేను కలప వ్యాపారిని. దుంగను తట్టి చూడకుండా ఇంతవరకు కొన్నది లేదు. గొడ్డలి వెనక వైపుతో మొదలు దగ్గర ఒక దెబ్బ వేసి, చెవి మానుకు ఆనించి వినాలి. గట్టి మాను ఆ దెబ్బను ఆ చివరి దాకా తీసుకెళ్ళి తిరిగి తెచ్చి ఇస్తుంది, గుల్లబారిన మాను మధ్యలోనే మింగేస్తుంది. బెరడు ఎంత నున్నగా ఉన్నా, చుట్టుకొలత ఎంతున్నా, ఆ ఒక్క శబ్దం చెప్పిందే మాట. తట్టకుండా తీసుకుంటారా అమ్మా అని అడుగుదామనుకున్నాను. ఇక్కడికి తోసుకొస్తుండగా అడగడానికి నోరు తెరిచేసరికి వరండాలో ఒక గోడ కనబడింది. వరండాను నిలువునా రెండుగా చీల్చి కొత్త చెక్కగోడ కట్టారు, అటు జ్వరాలు, ఇటు మిగతావి. కొత్త చెక్క వాసన ఇంకా పోలేదు. గోడకు నిలబెట్టిన వాసాల కొసలకు నీలం రంగు పూసుంది. నా సరుకు కొసలకు నేను ఎరుపు పూస్తాను, రోడ్డుకు అటువైపు యార్డు నడిపే దూలం నీలం పూసేవాడు, మా వీధిలో ఆ రెండు రంగులు చూస్తే ఎవరి సరుకో అడగక్కర్లేదు. దూలం అంటే మనిషే, ఎత్తుకు లావుకు ఆ పేరొచ్చింది, అసలు పేరు వాళ్ళావిడ కూడా మరిచిపోయి ఉంటుంది. బండి మీద పడుకుని వెళుతుంటే ఆ నీలపు కొసలు నా చెంప పక్కగా ఒక్కొక్కటే దాటిపోయాయి. వాడు పోయాడు. వాడి వాసాలు నిలబడ్డాయి, రోగులకు అడ్డంగా, ఇంకా వాడే కాపలా ఉన్నట్టు.

"రంగుమందు వదులుతున్నాను, కాస్త వేడిగా అనిపిస్తుంది, భయపడకండి" అంది డాక్టరమ్మ. మరుక్షణం ఒళ్ళంతా ఎండలో పెట్టినట్టయింది. తల తిప్పకుండా కళ్ళు మాత్రం ఎడమకు తిప్పితే తెర కనబడుతుంది. మొదట అంతా బూడిదరంగు, అందులో పక్కటెముకల నీడలు, ఏదో ముసురు పట్టిన మధ్యాహ్నం లాగా ఉంది. తరవాత ఆ ముసురులోంచి ఒక్కసారిగా చెట్టు. నేను నా జీవితంలో చూసిన చెట్లన్నీ పడినవే. చెట్టు పేరు చెబితే దాని కోత రంగు చెప్పగలను, వలయాలు చూసి ఏ ఏడు వాన పడలేదో చెప్పగలను, కాని నిలబడి ఉన్న చెట్టు లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. నీరు వేళ్ళ నుంచి చివరి ఆకు దాకా ఎక్కుతుందంటారు, ఎలా ఎక్కుతుందో, ఏది లాగుతుందో, నేను కొనే వేళకు ఆ పని ఆగిపోయి ఉంటుంది. ఇప్పుడు ఈ తెర మీద ఆకులు రాలిన చెట్టొకటి, నల్లటి కాండం, కాండానికి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, రెమ్మలకు వెంట్రుకలంత కొసలు, అన్నిటిలోంచి నల్లటి నీరు పరుగెడుతోంది, చెట్టు మొత్తం గాలికి ఊగినట్టు ఊగుతోంది. గాలి లేదు. ఊగడమే దాని పని. ఊగినప్పుడల్లా పక్కనున్న పెట్టె కీచుమంటోంది. ఆ చెట్టు నాదని తెలుసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. తెలిశాక కాసేపు ఆ బరువును కూడా మరిచిపోయాను. ఇంత చెట్టును లోపల పెట్టుకుని నేను బయట చెట్ల కోసం లారీలేసుకుని ఊళ్ళు తిరిగాను. దీనికి నేను చేసిన సేవ ఏముంది, ఒక్క పూట నీళ్ళు పోశానా, ఎరువేశానా, ఎలా ఉన్నావని ఒక్క మాట అడిగానా. అమ్మ కడుపులో ఎప్పుడో మొదలుపెట్టి ఉంటుంది, నేను పరీక్ష తప్పి ఏడ్చినప్పుడు ఊగింది, పెళ్ళిపీటల మీద ఊగింది, నేను నోరు తెరుచుకుని నిద్రపోతుంటే కూడా ఊగుతూనే ఉంది.

ముందువైపు పెద్దకొమ్మ సగం దూరం వచ్చి ఆగిపోయింది. నరికినట్టు ఆగింది. దాని తరవాత రెమ్మలుండాల్సిన చోట ఒట్టి బూడిదరంగు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఎండుకొమ్మను గుర్తుపట్టడం మా పని. డాక్టరమ్మ నా మీదికి వంగింది, రేకు మీద ఆమె ఊపిరి ఆవిరి పట్టి, కరిగి, మళ్ళీ పడుతోంది. "చూశారు కదా, అక్కడ మూసుకుపోయింది. దాని కింది కండకు రక్తం అందడం లేదు, కాని ఇంకా బతికే ఉంది. ఇప్పుడే తెరిచి లోపల స్టెంటు పెడతాను. ఆలస్యం చేస్తే కండ మిగలదు. సరేనా?"

నేను మాట్లాడలేదు. వద్దని కాదు. మొదటి మాటకు బదులివ్వకపోవడం నా ఒంట్లో పాతుకుపోయింది. బేరంలో అవతలివాడు ఒక మాట అంటాడు, నేను దుంగ వైపు చూస్తాను, ఆకాశం వైపు చూస్తాను, చెప్పులో ఇసుక దులుపుకుంటాను, ఆ మౌనం అవతలివాడు భరించలేడు, తన మాటను తనే కిందికి దించుకుంటాడు. నేను సంపాదించిందంతా మాట్లాడకుండా సంపాదించిందే. అందుకే దూలం నన్ను మూగనోము అనేవాడు. ఏం మూగనోమూ, ఇవాళ ఎంతమందిని మాట్లాడకుండా చంపావు అని రోడ్డు అవతలి నుంచి అరిచేవాడు, మా ఇద్దరి మధ్య లారీ వెళుతున్నా ఆ గొంతు లారీని దాటుకుని వచ్చేది. వాడికి నోరు మూస్తే ఊపిరాడదు. పొద్దంతా ఒకరి గిరాకీని ఒకరు లాక్కునేవాళ్ళం, సాయంత్రం ఒకే బల్ల మీద టీ తాగేవాళ్ళం. వావి లేకపోయినా నన్ను బావా అనేవాడు, ఎందుకురా అంటే, తిట్టాలంటే ఏదో ఒక చుట్టరికం ఉండాలి కదా అనేవాడు. ఆ తరవాత ఊరంతా మూసేశారు. రంపపు మిల్లు ఆగింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆ రంపం చప్పుడులో బతికినవాణ్ణి, అది ఆగిన రోజు నా చెవులు పోయాయనుకుని చిటిక వేసి చూసుకున్నాను. రోడ్డు మీద కుక్క నడిస్తే దాని గోళ్ళ చప్పుడు మేడ మీదికి వినబడింది. యార్డులో ఆ మూల నుంచి ఈ మూలకు రోజంతా తిరిగే కాళ్ళు సోఫా ముందు పడున్నాయి. హాల్లోనైనా నడవండి అని మా ఆవిడ పోరేది, నడిస్తే ఎక్కడికొస్తాను, మళ్ళీ గోడకేగా అనేవాణ్ణి. కూర్చున్న చోటికే తినడానికి ఏదో ఒకటి వచ్చేది, అదే కాలక్షేపం. చొక్కా గుండీలు ఒకదాని తరవాత ఒకటి నాతో తెగతెంపులు చేసుకున్నాయి. ఏటా నన్ను చూసే డాక్టరు క్లినిక్ మూసి ఫోనులో చూసేవాడు, ఫోనులో ఏం చూస్తాడు, ఎలా ఉన్నారంటాడు, బాగున్నానంటాను, ఇద్దరికీ పని అయిపోయేది. బీపీ మాత్రలకు కొరత రావచ్చని ఎవరో అన్నారు. సరుకు రాదని తెలిసినప్పుడు ఉన్నదాన్ని సాగదియ్యాలి, ఏ వ్యాపారైనా చేసే పని అదే. రోజు విడిచి రోజు వేసుకున్నాను. డబ్బాలో మిగులు కనబడితే కడుపు నిండినట్టుండేది, దాన్ని గలగలమని ఊపి, ఇంకా పాత స్టాకే నడుస్తోంది చూడు అని మా ఆవిడతో గొప్పలు చెప్పుకున్నాను. కొట్లో దాచిన సరుకు మిగులుతుంది. ఒంట్లో పడాల్సిన సరుకును డబ్బాలో దాచితే అది మిగులు ఎలా అవుతుందో ఇప్పుడు ఈ బల్ల మీద పడుకుని లెక్క వేస్తున్నాను, తేలడం లేదు.

దూలం రోజూ ఫోను చేసేవాడు. ఆ రోజు గొంతు తగ్గింది. బావా, పొద్దుట్నుంచి రొమ్ములో పట్టేసినట్టుంది, గ్యాసే, వేడినీళ్ళు తాగి పడుకుంటా అన్నాడు. చూపించుకోరాదూ అన్నాను. అంటే నవ్వాడు, ఆసుపత్రికి వెళితే లేని రోగం అంటించి పంపుతారు, ఉన్న రోగంతో ఇంట్లో ఉండడమే లాభం అన్నాడు. అప్పట్లో ఆ లెక్క అందరికీ సరైన లెక్క లాగానే ఉండేది, మా వీధి మొత్తం అదే లెక్క మీద తలుపులేసుకుని కూర్చుంది. వాడు ఆ మధ్యాహ్నం తన యార్డులోనే, పేర్చిన వాసాలకు వీపు ఆనించి కూర్చుని, కూర్చున్నట్టే పోయాడు. మోయడానికి ఇంతమందే రావాలని పోలీసులు చెప్పారు, ఆ ఇంతమందిలో నేను లేను. కిటికీలోంచి చూశాను. బతికినన్నాళ్ళూ అంత అరిచిన మనిషి అంత నిశ్శబ్దంగా వీధి దాటిపోయాడు.

మొన్న మేడ మెట్లెక్కుతుంటే నాకూ పట్టింది. పిడికిలితో పట్టినట్టు పట్టింది. భయం వేయలేదంటే అబద్ధం, కాని నేను దాన్ని ఒక మొదటి మాటగా తీసుకున్నాను. అవతలివాడు ఎక్కువ అడిగాడు, నేను బదులివ్వకూడదు. రెయిలింగు పట్టుకుని గోడ మీది సున్నం వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి వదిలింది. దిగొచ్చాడు అనుకున్నాను, గెలిచాననుకున్నాను, ఆ పూట అన్నం రుచిగా కూడా తిన్నాను. నిన్న మళ్ళీ వచ్చింది, ఇంకొంచెం తక్కువగా, అప్పుడూ మాట్లాడలేదు. ఇవాళ పొద్దున వచ్చినవాడు మాత్రం ఏమీ అడగలేదు. కొట్టు తలుపు తోసుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు. తువ్వాలు చేతిలో ఉంది, నేను అలాగే నిలబడి దిగి వస్తాడేమోనని చూస్తున్నాను. మా ఆవిడ నా మొహం చూసింది. ఆవిడ గురించి ఒక సంగతి చెప్పాలి, ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఒక్కసారి బేరమాడలేదు. అవతలివాళ్ళు ఎంత చెబితే అంత ఇచ్చి తెచ్చుకుంటుంది. అడిగితే, పాపం అంత అన్నాడంటే అంతే అయ్యుంటుంది కదండీ అంటుంది. వ్యాపారి పెళ్ళానివి, బయట ఎక్కడా చెప్పకు, నా పరువు పోతుంది అని నలుగురిలో ఆటపట్టించేవాణ్ణి. ఆవిడ నవ్వి ఊరుకునేది. పొద్దున ఆవిడ నొప్పా అని అడిగింది, నేను బదులివ్వలేదు, ఆ బదులివ్వకపోవడాన్ని బదులుగా తీసుకుని ఫోను అందుకుంది. కాసేపు చూద్దాం అన్నాను. "ఏం చూడాలండీ? అడిగింది అడిగినట్టు ఇచ్చేద్దాం" అంది, చొక్కా తొడుగుతూ, ఊడిన గుండీల చోట తన పిన్నులు పెడుతూ. అంబులెన్సులో ముందు సీట్లో కూర్చుని వచ్చింది, గేటు దగ్గర ఆపేశారు, రోగితో ఎవరూ రాకూడదట. నా బండి లోపలికి తిరుగుతుంటే ఆవిడ మాస్కు కిందికి లాగింది, మొహం మొత్తం నాకు కనబడాలని కాబోలు. "లోపల మూగనోము పట్టకండి" అంది. అంతే అంది. దూలం పెట్టిన పేరు ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో, డాక్టరమ్మ రేకు మీద ఆవిరి ఒకసారి పట్టి కరిగిందేమో, అంతే అయ్యుంటుంది. ఆమె ఇంకా వంగే ఉంది. "సరే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మొదటి మాటకే సరే అనడం ఇంత తేలికా, దీనికోసమా ఇన్నేళ్ళు ఆకాశం వైపు చూశాను.

తెర మీద వెంట్రుకంత తీగ ఒకటి ప్రత్యక్షమయింది. చెట్టు కాండం దగ్గర తచ్చాడింది, పెద్దకొమ్మలోకి తిరిగింది, నరికినట్టున్న చోటికి వచ్చి ఆగింది. డాక్టరమ్మ దాని ఈ చివరను వేళ్ళ మధ్య నలుపుతోంది, అక్కడ ఆ చివర తల తిప్పుతోంది. ఆమె చేతులకు రెండేసి తొడుగులున్నాయి, అద్దాలకు ఆవిరి, మెడ మీద ఎంత చెమట కారుతోందో, అయినా ఆ వేళ్ళు తొందరపడడం లేదు. నేను వేళ్ళను చూసి మనిషిని చదువుతాను, బేరంలో మొహాలు అబద్ధమాడతాయి, వేళ్ళు ఆడలేవు. ఆ వేళ్ళను చూస్తూ ఈమె సరుకు తెలిసిన మనిషి అనుకున్నాను, తట్టి చూడకపోయినా ఫరవాలేదనుకున్నాను. తీగ దూరింది. దాని వెంట ఇంకేదో వెళ్ళింది, కొమ్మ లోపల గింజంత బుడగ ఉబ్బింది, ఉబ్బగానే నా మీది దుంగ మీద ఇంకో దుంగ పడింది, ఊపిరి కోసం వెతుక్కున్నాను. కొంచెం ఓర్చుకోండి, కొంచెమే, అంటోంది ఆమె. బుడగ తగ్గింది. దుంగ కదిలింది, నిజంగా కదిలింది, ఒక పక్కకు జరిగింది, హమ్మయ్య అనుకునేంతలో పెట్టె కీచుమనడం మానేసింది. పూర్తిగా మానలేదు, దూరం దూరంగా అంటోంది, ఒక కీచుకు ఇంకో కీచుకు మధ్య ఒక వీధంత ఖాళీ. తెర మీద చెట్టు ఊగడం నెమ్మదించింది. ఆ ఖాళీలో నాకు భయం కాదు, ఒక రకమైన ఆశ్చర్యం. ప్రపంచం మొత్తం మూసేశారు, బడి మూసేశారు, బస్సు ఆపేశారు, నా రంపం, వాడి రంపం, అన్ని షట్టర్లూ దించేశారు, ఈ ఒక్క కొట్టును ఎవరూ మూయలేదు, మూయమని చెప్పే అధికారం ఎవరికీ లేకపోయింది, నేను ఇంట్లో కూర్చుని రోజులు దండగ అయిపోతున్నాయని గొణుగుతుంటే ఇది లోపల సెలవన్నది లేకుండా తెరిచే ఉంది, ఇరుకైన దారిలో సగం సరుకుతో ఇంత ఒంటిని నడిపింది. ఇప్పుడు అలిసిందా. షట్టరు చప్పుడేనా ఇది. తెల్ల తొడుగులు మసకబారుతున్నాయి, దీపం దూరమైపోతోంది, ఎక్కడో కొత్త చెక్క వాసన.

"దగ్గండి. గట్టిగా దగ్గండి, గుండె అందుకుంటుంది."

అర్థం కాలేదు. దగ్గాలా. నెలలుగా ఈ ప్రపంచంలో దగ్గిన మనిషికి చోటు లేదు. మందుల షాపు ముందు ఎవరో ఒకాయన దగ్గితే ఆ వరస మొత్తం రాయి పడ్డ నీళ్ళలాగా ఆయన చుట్టూ వెనక్కి జరగడం నేను చూశాను, ఆయన మొహంలో సిగ్గు చూశాను, దొంగతనం చేసి దొరికినవాడికి కూడా అంత సిగ్గుండదు. ఆ రోజు నుంచి గొంతులో గరగరమంటే నీళ్ళు మింగి అణచుకోవడం నేర్చుకున్నాను, కన్నతండ్రి దగ్గినా పిల్లలు గది మారిపోతున్న రోజులు. నా మాస్కు ఎప్పుడో గడ్డం కిందికి జారిపోయింది. ముక్కులో తిప్పిన పుల్ల ఏం చెప్పిందో ఇంకా ఎవరికీ తెలియదు, నా దగ్గులో ఏముందో నాకే తెలియదు. నేను మొహం పక్కకు తిప్పబోయాను. డాక్టరమ్మ తన మొహాన్ని నా మొహానికి జానెడు దూరంలోకి తెచ్చింది. నవ్వుబొమ్మ నా భుజం కింద చెయ్యేసి లేపుతున్నాడు. "దగ్గండి బాబాయ్, పరవాలేదు, మా మీదే దగ్గండి."

దగ్గాను. రొమ్ము చీలినట్టు దగ్గాను. తెర మీద చెట్టు పెద్దగాలికి ఊగినట్టు ఒక్క ఊపు ఊగింది. మళ్ళీ అన్నారు, మళ్ళీ దగ్గాను, మళ్ళీ ఊగింది, పెట్టె కీచుమంది, దాని వెంటనే ఇంకో కీచు, ఇంకొకటి, వీధంత ఖాళీ సందంత అయింది, సందు గుమ్మమంత అయింది. దగ్గుతూనే చుట్టూ చూశాను. ఆ నలుగురిలో ఒక్కరూ వెనక్కి జరగలేదు. అడుగు కాదు, వేలెడు కూడా జరగలేదు. ఇంటి దగ్గర వాళ్ళకూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు, పిల్లలో, ముసలివాళ్ళో, వాళ్ళ దగ్గరికి ఈ తొడుగులు విప్పుకుని వెళ్ళాల్సినవాళ్ళే. వాళ్ళు ఇస్తున్నదేమిటో, నా దగ్గర తీసుకుంటున్నదేమిటో, మనుషుల మధ్య ఇచ్చిపుచ్చుకునే ప్రతిదాన్నీ తూచి చూసిన నా చేతికి దీని తూకం అందలేదు. కళ్ళు మసకలయ్యాయి, దగ్గు వల్లే అనుకోనిచ్చాను.

"స్టెంటు కూర్చుంది, ఇప్పుడు చూడండి" అంది డాక్టరమ్మ, నాతోనో మిగతావాళ్ళతోనో. ఒంట్లోకి మళ్ళీ ఎండ వచ్చింది. తెర మీద కాండం, కాండం నుంచి కొమ్మలు, ముందువైపు పెద్దకొమ్మ, ఇందాక నరికినట్టున్న చోటు, అది దాటి నీరు వెళ్ళింది. దాటి వెళుతూనే ఉంది. బూడిదరంగు మిగిలిన చోట ఒక రెమ్మ పుట్టింది, దాని పక్కన ఇంకొకటి, కొసలు, కొసలకు కొసలు, చివరి వెంట్రుక దాకా. ఒక ఊపు ఊగేంత సేపట్లో, కళ్ళ ముందు, ఎండిన కొమ్మ తిరిగి చెట్టయింది. ఇది నేను అడవిలో కూడా చూడలేదు, చూశానని చెప్పినవాడు కూడా లేడు. దూలం ఉంటే ఏమనేవాడో, వాడికి కూడా మాటలు ఆగిపోయేవేమో. రొమ్ము మీది దుంగను ఎవరో, ఎప్పుడో, చప్పుడు చెయ్యకుండా దింపుకుని పోయారు. ఊపిరి లోపలికి పోతోంది. ఊపిరి లోపలికి పోవడం ఇంత రుచిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

చేతికి పట్టీ వేసి, పక్క గదిలోకి మార్చాక నవ్వుబొమ్మ ఒక ఫోను తెచ్చాడు, దానికీ ప్లాస్టిక్ తొడుగు వేసుంది. గేటు దగ్గర అమ్మగారికి చెప్పాం, మీ గొంతు వింటే గాని నమ్మనంటున్నారు అన్నాడు. చెవి దగ్గర పెట్టాడు. అవతల ముందు ఏదో పిట్ట కూత వినబడింది, వాహనాల్లేని రోడ్డు, ఆ వెనక ఆవిడ ఊపిరి.

"మాట్లాడారా?" అంది.

"మాట్లాడాను. మొదటి మాటకే సరే అన్నాను."

"అబద్ధం."

"సాక్షులున్నారు. మొహాలే కనబడవు."

ఆవిడ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నా ఎడమచెయ్యి ఖాళీగా ఉంది. దాన్ని ఎత్తి, మధ్యవేలు మడిచి, కణుపుతో రొమ్ము ఎముక మీద ఒక దెబ్బ వేశాను, దుంగ మొదలు మీద వేసినట్టే, మరీ గట్టిగా కాకుండా, మరీ మెత్తగా కాకుండా. చెవి ఆనించడానికి అందదు, అందుకని ఊపిరి బిగబట్టాను.

"అదేం చప్పుడండీ?"

"తట్టి చూస్తున్నాను."

నా వ్యాపారం సంగతి ఎప్పుడూ ఒక్క ముక్క అడగని మనిషి, గేటు బయట నిలబడి, మెల్లగా అడిగింది. "ఏమంటోంది?"

నేను వెంటనే బదులివ్వలేదు. ఈసారి బేరం కాదు. వింటున్నాను.